కడాకు మాట్లాడే మనిషి

రాయదుర్గం బస్సులో టికెట్లు కొడుతున్న కండక్టరు నా ముఖం చూసి చేయి ఆపాడు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. "సారూ, మా ఊరి పెద్దాయన పోయినాడు, తెలుసునా?" అన్నాడు. తెలియదన్నాను. "పోయిన నెల్లో. నిద్దట్లోనే పోయినాడు. ఎవురికీ ఒగ మాట సెప్పిందీ లేదు," అని చిల్లర నా చేతిలో పెట్టి ముందు సీటుకు వెళ్ళిపోయాడు. నాకు నవ్వొచ్చింది. చావు కబురు విని నవ్వేంత కఠినుణ్ణి కాను గానీ, ఆఖరి మాట తనదే కావాలని జీవితమంతా కాచుకుని కూర్చున్న మనిషి ఆ మాట చెప్పకుండానే వెళ్ళిపోయాడంటే ఆయన్ను ఎరిగినవాళ్ళెవరికైనా ముందు నవ్వే వస్తుంది. ఏడుపు తర్వాత సంగతి.

డెబ్బైల్లో నన్ను ఆ ఊరి బడికి వేశారు. బత్తలపల్లె నుంచి ధర్మవరం పోయే రోడ్డు మీద దిగి, చేలగట్ల వెంట లోపలికి నడవాలి. వానొస్తే వేరుశనగ, రాకపోతే ఏమీ లేదు. కొన్ని ఇళ్ళల్లో పట్టు మగ్గాలుండేవి. తక్కిన ఇళ్ళ ఆడవాళ్ళు ఆ మగ్గాలకు కండెలు చుట్టి కాస్త సంపాదించుకునేవారు. ఊరికి పోలీసు స్టేషనైనా కోర్టైనా చావిడే. ఆ చావిట్లో ఒక రాతి స్తంభానికి వీపు ఆనించి కూర్చునేవాడు పెద్దాయన. ఆయన సర్పంచి కాదు, ఆస్తిపరుడూ కాదు. మెట్టచేను దున్నుకునే మామూలు రైతు. ఆ స్తంభం దగ్గర మాత్రం సర్పంచి కూడా కూర్చునేవాడు కాదు.

తగువు వినే పద్ధతి ఆయనకొకటి ఉండేది. ఒడిలో తువ్వాలు పరుచుకుని, దాంట్లో శనక్కాయలు పోసుకుని, కళ్ళు సగం మూసి ఒక్కొక్క కాయా వలుస్తుండేవాడు. ఒక్క గింజ నోట్లో వేసుకునేవాడు కాదు. ఎదురుగా మనుషులు పంచెలు ఎగ్గట్టి ఒకరినొకరు తిట్టుకుంటున్నా, ఆడవాళ్ళు నేలమీద కూలబడి ఏడుస్తున్నా ఆయన తల ఎత్తడు. ఎవరు మాట్లాడుతుంటే వాళ్ళ మాటకు తల మెల్లగా ఊగేది, అంతే. అందరూ అలసిపోయి, "ఇంగ నువ్వు సెప్పు మామా," అంటే, "అయిపోయెనా? ఇంకా ఎవురన్నా ఉండారా?" అని అడిగేవాడు. ఉన్నారంటే మళ్ళీ కాయలు వలిచేవాడు. ఒకసారి సాక్షి ఒకడు చేలో నీళ్ళు కడుతున్నాడంటే, వాడు మడి ముగించి కాళ్ళు కడుక్కుని వచ్చేదాకా ఊరినంతా అక్కడే కూర్చోబెట్టాడు.

తీర్పు మాత్రం పొట్టిగా ఉండేది. చెప్పడం అయ్యాక తువ్వాలు చాచేవాడు. రెండు పక్షాలవాళ్ళూ చెరొక గుప్పెడు గింజలు తీసుకుని అక్కడే తినాలి. తిన్నారంటే ఒప్పుకున్నట్టు. ఒక మనిషి గింజలు గుప్పిట్లో పట్టుకుని, నోట్లో వేసుకోలేక, పారెయ్యలేక చాలాసేపు నిలబడిపోవడం నేను చూశాను. అతను తినేదాకా ఎవరూ ఇంటికి పోలేదు.

అందరికంటే ఆఖర్న ఎందుకు మాట్లాడతావని ఒకసారి అడిగాను. పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు.

"ముందు మాట్లాడేటోడు ఫిర్యాదీ సారూ. నడిమిన మాట్లాడేటోడు సాక్షి. నేను ముందే నోరు తెరిస్తిననుకో, నేనూ ఒగ ఫిర్యాదీనే. ఫిర్యాదీ తీర్పు సెప్పేకి లేదు."

ఎనభైల్లో పంచాయతీ ఆఫీసుకు టీవీ వచ్చింది. దాన్ని తలుపులున్న చెక్క పెట్టెలో పెట్టి, తాళంచెవి నాకిచ్చారు. మిద్దె మీద పొడుగాటి ఇనుప గొట్టానికి యాంటెన్నా కట్టారు. గాలి తోలిందంటే తెర మీద మనుషులు వణికేవారు. సినిమా పాటలొచ్చే రోజున ఆఫీసు గది పట్టక జనం వీధిలో నిలబడేవాళ్ళు. ఆ పాటలయ్యాక నలుగురు కుర్చీలేసుకుని కూర్చుని మాట్లాడుకునే కార్యక్రమం మొదలయ్యేసరికి, అంత జనమూ కల్లంలో పిచ్చుకల్లాగా లేచిపోయేవారు.

కుర్రకారుకు ఆ చర్చలంటే పరమ చిరాకు. "పనీపాటా లేని మాటలు, కట్టేయ్ సారూ," అనేవారు. ఊళ్ళో మందులిచ్చే కాంపౌండరు, వాళ్ళు జవాబు తెలిసిన ప్రశ్నలే ఒకరినొకరు అడుగుతారని, పరీక్ష పేపరు ముందే లీకైనట్టుంటుందని తీసిపారేసేవాడు. నా సంగతి చెప్పాలంటే, ఆ మెత్తటి గొంతులకు నాకు నిద్ర పట్టేది. కండెలు చుట్టే ఆడవాళ్ళు మాత్రం కదిలేవారు కాదు. ప్రశ్నలడిగే ఆవిడ కట్టుకున్న చీర అంచు ఏ ఊరి నేతో, అసలు జరీనో కాదో తేల్చుకోవడం వాళ్ళకొక పని. వాళ్ళలో నరసమ్మ అని ఒకామె ఉండేది. ముక్కుసూటి మనిషి, ఆమె నోటికి ఊరంతా జడిసేది. నీకేముంది ఆ చర్చల్లో అని అడిగితే ఆమె, "గొంతు పెంచకుండా మాట్లాడుకునే మొగోళ్ళను నేను ఇంగ యాడ జూడల్ల సారూ? అందుకే సూస్తాండా," అంది.

పెద్దాయన ఆ చర్చల కోసమే వచ్చేవాడు. పాటలు అవుతుండగా బయట అరుగు మీద కూర్చుని, కుర్చీలు కనపడగానే లోపలికొచ్చి, టీవీకి ఎదురుగా తువ్వాలు పరుచుకుని కాయలు వలవడం మొదలుపెట్టేవాడు. ఆయనకు ఆ కార్యక్రమంలో నచ్చిందేమిటో, నచ్చనిదేమిటో దాచుకునే మనిషి కాదు. "సూడు సారూ, ఒగడు మాట్లాడేటప్పుడు ఇంగొగడు నోరు మూసుకోనుండాడు. ఈడ ఆ మాత్రం మర్యాద నేర్పేకి నాకు జన్మంతా పట్టె," అని మెచ్చుకునేవాడు. అంతలోనే, "ఆయమ్మ ఏడుపు సంగతి అడిగేటప్పుడు గూడా నగుతాదే, అదే నాకు సరిపోదు," అనేవాడు.

అన్నిటికంటే ఆయన్ను ఇబ్బంది పెట్టింది ముగింపు. ఆవిడ చేతులు జోడించి సెలవంటుంది, బొమ్మ మారిపోతుంది. పెద్దాయన నా వైపు తిరుగుతాడు.

"ఇంతకీ ఏం తేల్చినారు సారూ?"

"ఏమీ తేల్చలేదు."

"మల్ల వాళ్ళనెందుకు పిలిపించినారు?"

ఎవరి అభిప్రాయం వాళ్ళు చెబుతారని, విన్న జనం ఆలోచించుకుంటారని నాకు తెలిసినంతలో చెప్పేవాణ్ణి. "జనం ఆలోసించుకునేదుంటే ఇండ్లల్లోనే ఆలోసించుకుందురు గదప్పా," అని విసుక్కునేవాడు. ఆ పైన ఊరుకోలేక తీర్పు తనే చెప్పేవాడు. ఎరువుల మీద చర్చ అయితే, ఏ చేనికి సీమ ఎరువు వేయాలో ఏ చేనికి పేడ తోలాలో చెప్పేవాడు. ఆడపిల్లలు ఉద్యోగాలు చేయాలా వద్దా అన్న చర్చ అయితే, ఆ ఎడమవైపు కుర్చీలో ఉన్నాయన తన కూతుర్ని ముందు బడికి పంపించి తర్వాత మాట్లాడాలని తేల్చేవాడు. అప్పటికి తెర మీద వార్తలో, వాయిద్యమో నడుస్తుండేది. ఆయన తువ్వాలు చాస్తే నరసమ్మ గింజలు రెండు చేతులా తీసుకుని, "రెండు పక్కలోళ్ళ తరఫునా నేనే తింటాండా మామా, ఒప్పుకున్యాం పో," అనేది. ఆయన నవ్వేవాడు. ఆయన నవ్వడం నేను ఎక్కువగా చూసింది ఆ గదిలోనే.

తర్వాత వరసగా వానలు తప్పాయి. ఊరి బావి అడుగు కనపడింది. ట్యాంకరు మనసైనప్పుడు వచ్చేది. ఆడవాళ్ళు గుట్ట అవతలున్న తోట బావికి బిందెలు పట్టుకుని పోయేవారు. ఆ తోటవాళ్ళు మోటారు వేసిన రోజు నీళ్ళు, వేయని రోజు తిట్లు. ఊరికి బోరు వేయించమని అర్జీలు పెట్టుకున్నాం. అవి ఏ బల్ల మీద ఉన్నాయో ఎవరికీ తెలియదు.

అలాంటి రోజుల్లో అనంతపురంలో కరువు మీద టీవీవాళ్ళు చర్చ పెడుతున్నారని, దానికి ఒక పల్లె రైతు కావాలని కబురొచ్చింది. సర్పంచి రెండో పేరు ఆలోచించలేదు. ముందురోజు చావిట్లో ఊరంతా చేరి పెద్దాయనకు ఏమేం చెప్పాలో చెప్పారు. పశువుల మేత గురించి ఒకరు, అప్పుల గురించి ఒకరు. ఆయన కాయలు వలుస్తూ అందరిదీ విన్నాడు. చివర్న నరసమ్మ లేచింది.

"అవన్నీ ఇడిసిపెట్టు మామా. ఒగటే మాట. బోరు. ఆ మాట ఆ డబ్బాలో పడల్ల."

"పడ్తాది," అన్నాడాయన.

ఆయనకు తోడుగా నేను వెళ్ళాను. బస్సులో, వాళ్ళకు వేళాపాళా ఉంటుందని, అడిగిన వెంటనే చెప్పేయాలని అన్నాను. ఆయన నా తొడ మీద తట్టి, "ఆ టీవీలో తీర్పు సెప్పేటోడు లేకనే అట్ల అరాకొరాగా లేసిపోతాండారు సారూ. ఈతూరి నేనుంటా గదా," అన్నాడు. నేను వేళాకోళమనుకున్నాను. కాదని గంట తర్వాత అర్థమైంది.

ఒక పెద్ద హాల్లో నాలుగు కుర్చీలు వేసి, కళ్ళు మండే దీపాలు పెట్టారు. ఒక కుర్చీలో ఆఫీసరు, ఒక కుర్చీలో కాలేజీ లెక్చరరు, మరోదాంట్లో తోటలున్న పెద్ద రైతు, చివరిదాంట్లో మా పెద్దాయన. ప్రశ్నలడిగే ఆవిడ లోపలికి రాగానే ఆయన ఎరిగున్న బంధువును చూసినట్టు తలూపాడు. ఆవిడకు ఆయనెవరో తెలియక అటూ ఇటూ చూసి తనూ తలూపింది. తువ్వాలు పరిచి కాయలు తీస్తే, మైకులో చిటపటలు వినిపిస్తాయని ఒక కుర్రాడు మర్యాదగా మూట తీసుకెళ్ళిపోయాడు. ఆ తర్వాత చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.

మొదటి ప్రశ్న ఆయనకే వచ్చింది. "పెద్దాయనా, మీ ఊళ్ళో పరిస్థితి ఎలా ఉందో మీరు చెప్పండి," అంది ఆవిడ, నవ్వుతూ.

"అందరూ కానీ తల్లీ. కడాకు నేను సెప్తా."

ఆవిడ ఒక్క క్షణం ఆగి, పల్లెటూరి పెద్దమనిషి మొహమాటపడుతున్నాడనుకుని ఆఫీసరు వైపు తిరిగింది. ఆఫీసరు ప్రతి ఊరికీ ప్రతిరోజూ ట్యాంకరు వెళుతోందని, తాగునీటికి కొరత లేదని చెప్పాడు. పెద్దాయన కళ్ళు సగం మూసుకుని విన్నాడు. చావిట్లో ఊగినట్టే తల ఊగింది. లెక్చరరు మబ్బుల గురించి, చెట్ల గురించి చెప్పాడు. తోటల రైతు బ్యాంకుల గురించి చెప్పాడు. నేను దీపాల వెనక నిలబడి చేత్తో సైగలు చేశాను. ఆయన నా వైపు చూడనేలేదు. కెమెరా పక్కనున్న మనిషి వేలెత్తి చూపగానే ఆవిడ అందరికీ ధన్యవాదాలు చెప్పి నమస్కారం పెట్టింది.

దీపాలు ఆరాయి. పెద్దాయన గొంతు సవరించుకుని, "అయిపోయెనా? ఇంకా ఎవురన్నా ఉండారా?" అన్నాడు.

"అయిపోయిందండీ. టీ తాగి వెళ్ళండి," అంది ఆవిడ, కుర్చీలోంచి లేస్తూ.

ఆయన కూర్చునే తీర్పు మొదలుపెట్టాడు. ఆఫీసరు చెప్పింది ఎక్కడ తప్పో, ట్యాంకరు ఎప్పుడొస్తుందో, గుట్ట అవతలికి ఎవరెవరు నడుస్తున్నారో, బోరు ఏ చోట వేస్తే నీళ్ళు పడతాయో, ఏ మాటకు ఆ మాట విడదీసి చెప్పాడు. నేనూ, నేలమీద వైర్లు చుట్టుకుంటున్న మనిషీ విన్నాం. చాలా మంచి తీర్పు. ఆయన చెప్పినవాటిలోకెల్లా అదే గొప్పదని ఇప్పటికీ అంటాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ మాటలేవీ టీవీలో రావని చెప్పాను. "దీపాలు ఆరితే మాట గూడా పోతాదా?" అని అడిగాడు. పోతుందన్నాను. బత్తలపల్లె దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

చర్చ టీవీలో వచ్చిన సాయంత్రం ఊరంతా వచ్చింది. ఆయన రాకపోతే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. "అందరూ కానీ తల్లీ" అన్న మాట కూడా కోసేశారు. ట్యాంకరు రోజూ వెళుతోందని ఆఫీసరు అంటున్నప్పుడు తెర నిండా పెద్దాయన ముఖం చూపించారు. కళ్ళు అరమోడ్చి, మెల్లగా తల ఊపుతున్నాడు. ఆఫీసరు మాటకు ఊరు ఊరే ఒప్పుకున్నట్టుంది ఆ బొమ్మ. నేను టీవీ కట్టేశాను. ఎవరూ లేవలేదు.

"పోతివి, కూచ్చుంటివి, వస్తివి," అంది నరసమ్మ. "నీళ్ళ మాట యాడ పెడితివి మామా? కడాకు మాట్లాడేకి అదేమన్నా మన చావిడా?"

ఆయన తువ్వాలు దులుపుకుని బయటికి నడిచాడు. మళ్ళీ ఆ గదిలోకి రాలేదు. బోరు సంగతి అడగడానికి సర్పంచి అనంతపురంలోని ఆఫీసుకు పోతే, "మీ పెద్దాయనే టీవీలో తలూపినాడు గదన్నా, ఇంగేం నీళ్ళు?" అని అక్కడి గుమాస్తా నవ్వాడట. ఆ మాట ఊళ్ళోకి వచ్చింది. ఆయన చెవిలోనూ పడే ఉంటుంది. ఆ ఎండాకాలమంతా ఆడవాళ్ళు గుట్ట దాటి నడిచారు. ఆయన రోజూ పొద్దున్నే తన ఇంటి గడపలో కూర్చుని వాళ్ళు పోవడం చూసేవాడు. అయినా తగువులొస్తే జనం చావిట్లో ఆయన ముందే చేరేవారు. టీవీ సంగతి వేరు, స్తంభం సంగతి వేరు అన్నట్టుండేది ఊరి తీరు.

మరుసటి ఎండాకాలం కరువు చూడ్డానికి కొత్త ఆఫీసరు ఊళ్ళోకే వచ్చాడు. చావిడి ముందు షామియానా కట్టి, కుర్చీలేసి, దండలు తెప్పించారు. సర్పంచి స్వాగతం చెప్పాలి, తర్వాత నేను రెండు మాటలు, తర్వాత ఆఫీసరు. అంతా అయ్యాక పెద్దాయన మాట్లాడాలని అనుకున్నాం. ఆఫీసరు ఇంకా కుర్చీలో సర్దుకోలేదు. పెద్దాయన స్తంభం దగ్గర నుంచి లేచి, మెట్లు దిగి, నేరుగా ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు.

"దండలు మల్ల ఏసుకుందురు లే సామీ. మా ఊర్లో నీళ్ళు లేవు. ట్యాంకరు రోజూ వస్తాండాదని సెప్పేది అబద్ధం. మాకు బోరు గావల్ల."

సర్పంచి ఆయన భుజం పట్టుకున్నాడు. "కూర్చో పెద్దాయనా, నీ వంతు వస్తుంది," అన్నాడు ఆఫీసరు, నొచ్చుకోకుండానే.

"వంతు కోసరం ఒగతూరి కూచ్చుంటి సామీ. సాలు."

ఎండలో నిలబడే చెప్పాడు. గొంతు పెంచాడు కూడా. ఆయన గొంతు అంత పెద్దదని అంతవరకూ ఊళ్ళో ఎవరికీ తెలియదు. ముసలివాళ్ళు కొందరు తలలు దించుకున్నారు. అందరికంటే ముందు నోరు తెరిచిన ఆ మనిషిని చూడలేకపోయారు. నరసమ్మ మాత్రం కొంగు నడుముకు దోపుకుని ఆయన పక్కకొచ్చి నిలబడి, గుట్ట వైపు చేయి చూపించి, "నిజమే సామీ, యాడికి నడుస్తాండామో రా, సూపిస్తా," అంది. ఆఫీసరు నిజంగానే లేచి వాళ్ళ వెంట నడిచాడు. దండలు కుర్చీల మీదే వాడిపోయాయి.

వానలు మొదలయ్యే లోపే రిగ్గు బండి వచ్చింది. మొదటిచోట దుమ్మే లేచింది. పెద్దాయన చూపించిన చోట నీళ్ళు పడ్డాయి. ఆ రోజు ఊళ్ళో పిల్లలూ పెద్దలూ అందరూ తడిశారు, నేనూ తడిశాను. ఆయన దూరంగా గోడ నీడన నిలబడి చూసి ఇంటికి వెళ్ళిపోయాడు.

నరసమ్మ మొగుడికీ, అతని అన్నకూ చేనిగట్టు మీద తగువు ఎప్పటినుంచో రగులుతోంది. బోరు పడ్డాక కొన్నాళ్ళకు అది చావిట్లోకి వచ్చింది. జనం చేరారు. పెద్దాయన వచ్చాడు. వచ్చి, మెట్లెక్కకుండా కింద నేలమీద మామూలు జనంలో కూర్చున్నాడు. ఒడిలో తువ్వాలు లేదు. పైకి రమ్మంటే చేయి అడ్డంగా ఊపాడు. వాళ్ళేదో అలిగాడనుకుని తగువు మొదలుపెట్టారు. అన్నదమ్ములు అరిచారు, సాక్షులు చెప్పారు, అందరి మాటలూ అయిపోయాయి. ఆపైన ఊరంతా ఆయన వైపు తిరిగి కూర్చుంది.

"సెప్పు మామా," అంది నరసమ్మ.

"నేను సెప్పేకి లేదు పాపా. ఊరందరి ముందర ఫిర్యాదీగా నిలబడినోణ్ణి. ఇంగ ఆ జాగాలో కూకోను."

"అది నీళ్ళ కోసరం గదా."

"దేనికోసరమైతేనేమి."

సర్పంచి బతిమాలాడు. నేనూ చెప్పి చూశాను. ఒకసారి గొంతు పెంచినవాడి మాట రేపు ఎవరు వింటారని నన్నే ఎదురడిగాడు. వింటారని అన్నాను. తలూపాడు. నా మాట విన్నాడని మాత్రమే దానికి అర్థమని అప్పటికి నాకూ తెలుసు.

కొన్నాళ్ళకు బోరు దగ్గర నేను కాళ్ళు కడుక్కుంటుంటే ఆయన చెంబు పట్టుకుని వచ్చాడు. నరసమ్మ బిందె నింపుతోంది. ఆమె పంపు ఆపి, ఆయన వైపు చూడకుండానే మాట్లాడింది.

"ఆ పొద్దు టీవీ కాడ నేను ఆ మాట అనకపోయింటే, నువ్వు మీటింగులో ముందు లేసేటోడివి కాదు గదా మామా."

"లేసేటోణ్ణి కాదు."

"అనకుండా ఉండాల్సింది నేను."

"అనకపోయింటే ఆ బిందెలో ఏముండును పాపా?"

ఆమె బిందెలోకి చూసింది. దాన్ని నడుముకెత్తుకుని వెళ్ళిపోయింది. ఆయన చెంబు నింపుకుని, గట్టు మీద కూర్చుని నెమ్మదిగా తాగాడు.

ఆ వారంలోనే నరసమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని ధర్మవరం పోయి వకీలును కుదుర్చుకుంది. దావా ఇప్పటికీ నడుస్తోంది. అన్నదమ్ముల ఇళ్ళవాళ్ళు ఒకరికొకరు ఎదురుపడకుండా, వేరువేరు వేళల్లో వచ్చి ఆ బోరు నీళ్ళే పట్టుకుపోతున్నారు.